ఉతుకుకి వేయని చొక్కా

ఇటలీ తీరంలోని నెత్తూనో పాతపేటలో సోమవారం అంటే చొక్కాల రోజు. ఆదివారం మ్యాచ్ అయిపోగానే బేస్‌బాల్ క్లబ్బువాళ్లు ఆటగాళ్ల చొక్కాలన్నీ రెండు గోనెసంచుల్లో కుక్కి ఎర్సీలియా గుమ్మంలో పడేసి పోయేవారు. ఆమె తెల్లవారకముందే లేచి, మోచేతుల దగ్గర పట్టిన ఎర్రమట్టిని సబ్బుతో రుద్ది రుద్ది వదలగొట్టి, తన కిటికీ నుంచి ఎదురింటి క్వింతో బాల్కనీ దాకా సందుకి అడ్డంగా కట్టిన తీగ మీద ఆరేసేది. తడి చొక్కాలు ముందురోజు ఆటని మొదటినుంచి మళ్లీ ఆడేవి. ఆరేదాకా ఆడేవి. ఆరాక మామూలు చొక్కాలు.

టికెట్ దండగనుకునే ముసలాళ్లు కింద కుర్చీలు వేసుకు కూర్చునేవారు. ఆడవాళ్లు కిటికీల్లో నిలబడి చిక్కుళ్లు ఒలుస్తూ, "ఇదిగో, మళ్లీ తొందరపడ్డాడు సన్నాసి!" అని రెండో బేస్ కుర్రాడి చొక్కాని తిట్టిపోసేవారు. సముద్రపు గాలి గట్టిగా వీస్తే ఆట సగంలోనే ఆగిపోయేది.

ఆ సోమవారం తీగ మీద ఒక చొక్కా తక్కువైంది. అది క్వింతో కొడుకు ఒరేస్తెది.

ఒరేస్తెకి ముప్పైఆరేళ్లు. పదిహేనేళ్లుగా జట్టుకి అతనే క్యాచరు. బ్యాటు పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని, బంతి విసిరే పిచ్చరుకి వేళ్లతో సైగ చేసి, వచ్చిన బంతిని ఒడిసిపట్టడం అతని పని. ఒక వేలు చూపితే నేరు బంతి, రెండు చూపితే వంపు బంతి. వాళ్ల నాన్న క్వింతో కూడా ఆ రోజుల్లో పేరున్న క్యాచరే.

ఆదివారం ఆఖరి ఇన్నింగ్సు. స్కోరు సమానం. రన్నుకి ముందు ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ మీద అవతలి జట్టువాడు కాచుకుని ఉన్నాడు. ఒరేస్తె ఒక వేలు చూపించాడు. పిచ్చరు యోర్విస్ నేరుగానే వేశాడు. ఆ బంతి ఒరేస్తె చేతి పక్కనుంచి దూసుకుపోయి కంచెకి తగిలింది. మూడో బేస్ మీదివాడు నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చి రన్ను తీశాడు. ఓడిపోయారు.

"వంపు బంతి అడిగాను. వాడు నేరు బంతి వేశాడు," అని అందరిముందూ యోర్విస్‌ని వేలెత్తి చూపించాడు ఒరేస్తె.

యోర్విస్ వెనిజులా నుంచి వచ్చి నాలుగు నెలలైంది. భాష అంతంతమాత్రం. టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు. సోమవారం సాయంత్రానికల్లా క్లబ్బువాళ్లు అతన్ని తీసేశారు. గురువారం విమానం.

ఒరేస్తె ఆదివారం చొక్కా సంచిలో వేయలేదు. ఒంటిమీదే ఉంచుకుని, పైన కోటు తొడుక్కుని, కారెక్కి ఇంటికొచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి మంచం కిందికి తోశాడు.

సోమవారం చొక్కాలు ఆడుతుంటే, ఎర్సీలియా అతని చోటు ఖాళీగా ఉంచి అక్కడ రెండు క్లిప్పులు మాత్రం పెట్టింది. యోర్విస్ చొక్కా భుజం తిప్పి ఆ ఖాళీలోకి విసురుతూనే ఉంది. చూస్తున్నవాళ్లు ఒక్కమాట అనలేదు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండును అనుకున్నాడు ఒరేస్తె, తలుపుసందులోంచి చూస్తూ.

"ఒరేస్తే, నీ చొక్కా రాలేదురా!" అని కేకేసింది ఎర్సీలియా.

"సంచిలోనే వేశాను పిన్నీ. దార్లో ఎక్కడో పడిపోయుంటుంది."

"అలాగా," అంది ఆమె.

మంగళవారం మధ్యాహ్నం తండ్రీకొడుకులు భోజనం చేస్తుంటే యోర్విస్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. క్వింతో కుర్చీ లాగి, "కూర్చో బాబూ, నెత్తళ్లు తాజావి, తిను," అన్నాడు. అతను కూర్చోలేదు.

"అన్నా, ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు వచ్చీరాని భాషలో. "ఎండ కళ్లలో పడింది. నాకు ఒక వేలే కనిపించింది. నువ్వు రెండు చూపించావన్నావు కాబట్టి రెండే అయ్యుంటాయి. జట్టంతా నావల్ల ఓడింది. నీ పరువు కూడా పోయింది. తప్పు నాది. మనసులో పెట్టుకోకు."

ఒరేస్తె ముద్ద నమిలి మింగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు.

"పోనీలే, ఆటలో అవుతుంటాయి," అన్నాడు.

క్షమించేశాడు! యోర్విస్ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నొక్కి వెళ్లిపోయాడు. క్వింతో గ్లాసులో వైన్ పోసుకుని తాగాడు. కొడుకు వైపు చూడలేదు. ఒరేస్తె లేచి పెరటి పంపు దగ్గరికెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

బుధవారం పొద్దున ప్లాస్టిక్ సంచి పట్టుకుని ఎర్సీలియా గుమ్మంలో నిలబడ్డాడు.

"దొరికింది పిన్నీ."

"మూడు రోజుల మట్టి. మొండికేస్తుంది," అంది ఆమె అందుకుంటూ. "చాటుగా పెరట్లో ఆరెయ్యమంటావా?"

"వద్దు. ఇక్కడే."

తీగ మీద అప్పటికి ఒక్క చొక్కాయే ఉంది, ఎవరూ వచ్చి పట్టుకెళ్లని యోర్విస్‌ది, ఎండి బిగిసిపోయి. ఎర్సీలియా ఒరేస్తె చొక్కాని దాని పక్కనే వేసింది. కబురు ఎలా పాకిందో, కుర్చీలు వచ్చాయి. జట్టు కోచ్ ఆమెరిగో కూడా బేకరీ నుంచి రొట్టెతో సహా వచ్చి నిలబడ్డాడు. ఒరేస్తె ఇంట్లోకి పోలేదు. అందరి మధ్యా నిలబడ్డాడు.

చొక్కా గొంతుక్కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చాలాసేపు బాగానే ఆడింది. ఆఖరి బంతి దగ్గర ఒక్కసారిగా ముడుచుకుపోయి, కొట్టబోతే తప్పుకునే పిల్లాడిలా భుజం పక్కకి తిప్పేసింది.

ఆ ఏడాది మే నెలలో బ్యాటు అంచుకి తగిలిన బంతి ఒకటి ఒరేస్తె గొంతు మీద తగిలింది. మూడు వారాలు మాట రాలేదు. అప్పటినుంచీ వేగంగా వచ్చే ప్రతి బంతికీ అతని కళ్లు వాటంతటవే మూసుకునేవి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు సందంతా చూసింది.

భయపడితే ఎవరూ ఏమీ అనేవారు కాదేమో. కానీ చొక్కా లేచి నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, పక్కనే కదలకుండా వేలాడుతున్న యోర్విస్ చొక్కా వైపు చూపించింది. చెయ్యి దించలేదు. ఎవరో నిట్టూర్చారు. ఒరేస్తె తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"విమానం టికెట్ రద్దు చేయించాలి," అన్నాడు ఆమెరిగో, మెల్లిగా.

"చేయించండి. ఆదివారం జట్టులో నా పేరు రాయకండి," అన్నాడు ఒరేస్తె.

అక్కడితో అయిపోతుందనుకున్నాడు. అందరి చొక్కాల ఆటా బట్టలు మార్చుకునే గదిలోనే ఆగిపోతుంది మరి. తన చొక్కా కారు దాకా ఒంటిమీదే ఉందని అతనికి గుర్తులేదు. చొక్కా కూర్చుంది. చేతులు రెండూ ముందుకి చాచి, స్టీరింగ్ మీద వాలిపోయినట్టు వాలి, వీపు ఎగసెగసిపడుతూ ఏడ్చింది.

కిటికీల్లో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపులు చప్పుడు కాకుండా మూసేశారు. ముసలాళ్లు కుర్చీలు ఎత్తుకుని వెళ్లిపోయారు. క్వింతో ఒక్కడే బాల్కనీలోంచి కిందికి దిగొచ్చాడు.

"నాకూ మూసుకునేవిరా కళ్లు," అన్నాడు. "ఆఖరి మూడేళ్లూ. మీ అమ్మ నా చొక్కాలు స్నానాలగదిలో ఆరేసేది. నీకు చెప్పాల్సింది. సిగ్గేసింది."

ఒరేస్తె తండ్రిని చూశాడు. ఆయన చొక్కా కాలరు సరిచేసి, ఓడరేవు వైపు నడిచాడు. యోర్విస్ అద్దెగది అక్కడ. తలుపు తీసేసరికి మంచం మీద పెట్టె తెరిచి ఉంది.

"నువ్వు చూసింది ఒక వేలే," అన్నాడు ఒరేస్తె గుమ్మంలోనే. "నేను చూపించింది కూడా ఒకటే. భయంతో కళ్లు మూసుకున్నాను. నీ మీదికి నెట్టేశాను. నిన్ను ఎక్కడికీ పంపరు. ఆమెరిగో వస్తున్నాడు."

యోర్విస్ చేతిలోని మేజోళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"నిన్న కళ్లడాక్టరు దగ్గరికెళ్లాను," అన్నాడు. "చూపు పోతోందేమో అని. గోడ మీద అక్షరాలన్నీ చదివించాడు. కింది వరస దాకా చదివేశాను. నీ కళ్లకేం రోగం అని నవ్వాడు. నేను ఆయన్ని నమ్మలేదు. నిన్ను నమ్మాను."