గీతకు పైన ఏడు చుక్కలు

మా ల్యాబుకు రంగులు వేయడానికి వచ్చినవాళ్ళు గోడమీది పాత గ్రాఫు కాగితం ఊడదీసి, "పారేయమంటారా?" అని అడిగారు. గయ్యిమని లేచాను. పాపం, వాళ్ళకేం తెలుసు, అవి మా పెన్సిలమ్మ చేతి గీతలని.

పెన్సిలమ్మ అప్పట్లో మా పెద్ద టెక్నీషియన్. ఎప్పుడూ చెవిమీద పెన్సిలుండేది కాబట్టి మేం పెట్టిన పేరది. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ రక్తంలో, రోగాన్ని తట్టుకునే సీడీ4 కణాలు లెక్కపెట్టడం మా పని. రోజూ పొద్దున్నే, అంకె ముందే తెలిసిన కంట్రోల్ రక్తాన్ని మిషన్లో పెట్టి, వచ్చిన అంకెను గ్రాఫు మీద చుక్కగా పెట్టాలి. నడుమ ఒక గీత, పైనా కిందా హద్దు గీతలు. ఆ తర్వాతే రోగుల రక్తం ముట్టుకోవాలి.

నేనప్పుడు కొత్త. చేతివేగం ఎక్కువ, నోటివేగం అంతకన్నా ఎక్కువ. బయట జనం బారులు తీరి ఉంటే ఆవిడ గ్రాఫు ముందు నిలబడేది. ఆవిడ చాదస్తం చూసి లోలోపలే తిట్టుకునేదాన్ని.

ఒకసారి ఆవిడ వారం పైగా సెలవు పెట్టింది. తిరిగొచ్చిన రోజు సంచీ కూడా దించకుండా గోడ దగ్గరికి నడిచింది.

"అమ్మాయ్, ఇటురా. ఇవేంటి?"

"ఏడు చుక్కలు మేడమ్. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయిగా."

"ఏడూ నడిమి గీతకి పైనే ఉన్నాయి. నాణెం ఏడుసార్లూ బొమ్మే పడితే నమ్ముతావా?"

వెతికితే దొంగ నా చేతిలోనే దొరికాడు. కణాలను పోల్చి లెక్కించడానికి కలిపే సన్నటి పూసల ద్రావణాన్ని కొలిచి పోసే నా పిపెట్ కాస్త తక్కువ పోస్తోంది. పూసలు తగ్గితే కణాలు ఎక్కువున్నట్టు కనిపిస్తాయి. ఆ వారం రిపోర్టులన్నీ తిరగేశాం. ఒకటి పక్కకు తీశాను. కుట్టుపని చేసే అక్కది. 368. ఆ రోజుల్లో 350 లోపుంటేనే మందులు మొదలుపెట్టేవారు. ఆర్నెల్ల తర్వాత రమ్మని డాక్టరు ఆమెను పంపేశారు. ఆమెకు ఫోను లేదు.

"నేనెళ్ళి చెప్పొస్తాను మేడమ్."

"ఎవరి ముందు చెప్తావ్? వాళ్ళింట్లో తెలుసో లేదో నీకు తెలుసా? చిరుగు కుట్టించుకునేదానిలా వెళ్ళు. నీ ల్యాబు కోటు జేబులో చీటీ పెట్టు."

"కోటుకి చిరుగేం లేదు మేడమ్."

ఆవిడ నా కోటు అందుకుని చర్రున చింపేసింది.

కొట్లో అక్క పక్కనే వాళ్ళత్తగారు కూర్చుని గుండీలు కుడుతోంది. అక్క నన్ను గుర్తుపట్టింది. కోటు అందుకుని జేబు తడిమింది. "లెక్కలో పొరపాటు నాదే. రేపు రండి" అన్న చీటీ చదివి సూదుల డబ్బాలో దాచేసింది.

"రేపు నేనే తెచ్చిస్తాలెండి," అంది మామూలుగా.

మర్నాడు మళ్ళీ రక్తం తీసి చూస్తే 311. ఆ వారమే మందులు మొదలయ్యాయి. తల దించుకుని అక్కను క్షమించమన్నాను.

"మా టేపూ సాగుతుంది మేడమ్. నెలకోసారి ఇనప స్కేలు పక్కన పెట్టి చూసుకుంటాను. గుడ్డకే అంత చూస్తామే, మనిషికి చూడొద్దా?"

అక్క కోటు చేతికిచ్చింది. చిరుగు ఎక్కడుందో కనబడలేదు గానీ, పైన కొత్తగా ఒక సన్నటి జేబు ఉంది.

"పెన్సిలుకి. మీ పెద్దావిడకైతే చెవి ఉంది," అంది నవ్వుతూ.

పెన్సిలమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు చుక్కలు కంప్యూటరే పెడుతుంది, మందులకు ఆ అంకె కోసం ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. మంచిదే. అయినా ఆవిడ కసురు ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

కొత్త కోటు కావాలంటే ఇప్పటికీ అక్క దగ్గరికే వెళ్తాను. ఆమె జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. నా భుజాలు కొలిచే ముందు, నాకు కనబడేలా, టేపును ఇనప స్కేలు పక్కన పరుస్తుంది. రెండూ సరిపోయాయని నేను తలూపాకే కొలత మొదలుపెడుతుంది.