చెరిపేసిన షాట్

మొదటి షాట్ ఉదయం పదింటికి తీయాలని కాగితం మీద రాసింది నేనే. మా ఐస్‌లాండ్ ఉత్తరపు కొసన నవంబరులో అప్పటికి గానీ సరిగ్గా తెల్లారదు. నాలుగు కాకుండానే చీకటి. ఆ కాస్త వెలుతురులో పదకొండు షాట్లు తీయాలి.

సినిమా బడిలో ఆఖరి ఏడాది వాళ్లం, ముగ్గురమే వచ్చాం. దర్శకత్వం సోల్రున్‌ది, కెమెరా హ్యాల్టిది. వేళలు చూసుకోవడం, మైకు కర్ర పట్టుకోవడం నా పని. భర్తను సముద్రంలో పోగొట్టుకున్న ఒక అరవయ్యేళ్ల మనిషి తొలిసారి ఈతకు దిగడం కథ. ఊరి ఈతకొలనును ఒక రోజుకు మాకోసం మూయించాం.

తొమ్మిదిన్నరకు ప్రధాన పాత్రధారి వాల్‌బోర్గ్ ఫోన్ చేసింది.

"కొండ రోడ్డు మూసేశారే అమ్మాయ్. ఈ గాలికి కారు తలుపు తీస్తే ఊడి చేతికొచ్చేలా ఉంది. మధ్యాహ్నం దాకా కదల్లేను."

"ఆగుదాం" అంది సోల్రున్.

"మనం ఆగితే వెలుతురు ఆగుతుందా?" అన్నాను.

ఇంతలో హ్యాల్టి కెమెరా బయటికి తీశాడు. రాత్రంతా వ్యానులోనే వదిలేశాడట. మంచులా ఉన్న లెన్సుకి కొలను ఆవిరి తగలగానే పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. ఎంత తుడిచినా మళ్లీ అంతే. అది వేడెక్కడానికి గంట పడుతుందన్నాడు, మా మొహాలు చూడకుండా.

అది చాలదన్నట్టు, పక్కనున్న వేడినీళ్ల తొట్టిలో ఇద్దరు ముసలివాళ్లు మెడదాకా మునిగి కూర్చున్నారు. సోల్రున్ అనుమతి కాగితం చూపించింది.

"తడుస్తుంది, జేబులో పెట్టుకో" అన్నాడు ఒకాయన. "మేం మీ కెమెరాకి అడ్డం కాదమ్మా, మీ కెమెరానే మాకు అడ్డం."

వాళ్ల వేళకే లేచారు. అప్పటికి పదకొండు, లెన్సు తేటపడింది. మా చేతిలో ఒక్క షాటూ లేదు.

మాకు తలుపులు తీసింది హల్డోరా. ఆ కొలనులో ఇరవై రెండేళ్లుగా టికెట్లిస్తూ, గదులు కడుగుతూ ఉంది. ఇంట్లో వేయించి తెచ్చిన క్లేనుర్లనే తీపి పిండివంట, కాఫీ ముందు పెట్టి, "తినండి, ఏడ్చినా కడుపు నిండాకే ఏడవాలి" అంది.

సోల్రున్ ఆమెను పైనుంచి కిందకు చూసింది.

"మీరు అచ్చం వాల్‌బోర్గ్ ఎత్తే. వెలుతురు ఎలా పడుతుందో చూసుకుంటాం. ఐదు నిమిషాలు నీళ్లలో నిలబడతారా?"

హల్డోరా నీళ్ల వైపు చూసింది. "నిలబడితే చాలు కదా?" అంది.

ఈత దుస్తులు వేసుకొచ్చి, కమ్మీ పట్టుకుని మూడు మెట్లు దిగింది. ఆమె మొహంలో ఏదో మారింది. చలికేమో అనుకున్నాను. "ఇంకొక్క అడుగు లోపలికి" అంది సోల్రున్. హల్డోరా కమ్మీ వదిలింది. కాలు జారింది. నీళ్లు నా ఛాతీ దాకా కూడా లేవు గానీ, ఆమె చేతులు కొట్టుకుంటున్నాయి, నోరు తెరుచుకుంది, అరుపు మాత్రం రాలేదు.

నేను మైకు కర్ర పారేసి, జాకెట్టుతోనే దూకాను. ఆమెను గట్టుకు లాగాను. దగ్గి దగ్గి ఊపిరి తీసుకుంది.

"మీకు ఈత రాదా?" అంది సోల్రున్, తువ్వాలు కప్పుతూ.

"చిన్నప్పుడు చెవి జబ్బు. ఈత క్లాసు రోజు బడిలో నన్ను బయట కూర్చోబెట్టేవారు. తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ దేశంలో ఈత రాదంటే నడక రాదన్నట్టే నవ్వుతారు."

ఆమె బట్టలు మార్చుకోవడానికి వెళ్లగానే హ్యాల్టి మెల్లగా అన్నాడు: "మొత్తం వచ్చింది."

ఆమె మునుగుతున్నా అతను కెమెరా ఆపలేదు. ముగ్గురం చూశాం. మేం నాలుగేళ్లు చదివి తీసినవన్నీ ఒకెత్తు, ఆ నలభై సెకన్లు ఒకెత్తు. సోల్రున్ రెండోసారి వేసి చూసింది.

"ఆమెకు చూపించకు, అనుమతి సంతకం మాత్రం తీసుకో" అన్నాడు హ్యాల్టి. "వాల్‌బోర్గ్ పది రోజులు చేసినా ఇది రాదు."

"రాదు" అంది సోల్రున్. కెమెరా ఎత్తుకుని టికెట్ల గదిలోకి నడిచింది.

హల్డోరా రెప్ప వేయకుండా చూసింది. "ఇంత నోరు తెరిచానా!" అంది. తర్వాత, "మీ సినిమాకి బాగుంటుందా?"

"చాలా బాగుంటుంది."

"చెరిపెయ్యమంటే బాధపడతావు."

"పడతాను."

"చెరిపెయ్యమ్మా. మీరెళ్లిపోయాక, రేపు ఈ కిటికీలోంచి ఊరికి టికెట్లివ్వాల్సింది నేను."

సోల్రున్ మీట నొక్కింది. నిజంగా చెరపాలా అని కెమెరా మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కింది. హ్యాల్టి తలుపు ధడాలున వేసి బయటికి పోయాడు.

వెలుతురు పోయేలోపు మెట్ల మీద నా కాళ్లు, తడి కమ్మీ, ఆవిరి, ఖాళీ నీళ్లు తీశాం. మొత్తం నాలుగు షాట్లు. వాల్‌బోర్గ్ చీకటి పడ్డాక వచ్చి ఎలా జరిగిందని అడిగింది. "నీళ్లు బాగా నటించాయి" అంది సోల్రున్. బతిమాలితే మర్నాడు కూడా కొలను ఇస్తామన్నారు.

వైర్లు చుడుతూ హ్యాల్టిని అడిగాను: "కెమెరా వదిలి ఎందుకు రాలేదు? నాకంటే నువ్వే దగ్గరున్నావు."

"నువ్వు దూకావుగా" అన్నాడు. ఇంకో వైరు చుట్టాక, "నాకు అప్పుడు ఆమె కనిపించలేదు ఎర్నా. ఫోకస్ కనిపించింది" అన్నాడు.

కెమెరా నా చేతిలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకూ తెలియదు.

మర్నాడు హ్యాల్టి మాకంటే ముందే వెళ్లాడు. మేం చేరేసరికి టికెట్ల కిటికీ దగ్గర తల వంచుకుని ఏదో చెబుతున్నాడు. గాలికి మాటలు వినపడలేదు. హల్డోరా అంతా విని, బకెట్టు, తుడుపుకర్ర తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మాటలు చాలు నాయనా. నిన్న బూట్లతో తొక్కిన బురద అంతా అలాగే ఉంది. ముందు అది తుడువు."