చలి కోరిన నిద్ర

ఏటా మిరప కోతలు అయిపోయి, కల్లం ఊడ్చాక ఏసోబు నిద్రకి పోయేవాడు. ఎండలకి నల్లరేగడి నెర్రెలిచ్చే రోజుల్లో చేను గట్టున నడుములోతు గొయ్యి తవ్వుకుని పడుకునేవాడు. భార్య రెబ్కా పైన మట్టి కప్పి, మర్నాటి నుంచి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోయేది. తొలకరి పడి, బోదురు కప్పలు నేల చీల్చుకొచ్చి అరిచే పూట ఏసోబు కూడా లేచొచ్చి అన్నం పెట్టమనేవాడు. వాళ్ల నాన్నా అంతే. ఊళ్లో అదెవరికీ వింత కాదు. పాస్టరుగారు వేసవి ప్రార్థనల్లో "నిద్రలో ఉన్న మా సహోదరుడు" అని ఒక మాట కలిపేవారు.

ఈ ఏడూ తొలకరి పడింది. కప్పలు లేచాయి. ఏసోబు లేవలేదు.

రెండో వానకీ లేవకపోయేసరికి రెబ్కా చేతులతోనే మట్టి తోడింది. ఎప్పుడూ అతని ఒంటి మీద ఎండిన బురద పెచ్చుకట్టి ఉండేది. ఈసారి మెడ నుంచి మోకాళ్ల దాకా సన్నటి తెల్లని దారాలు అల్లుకుని ఉన్నాయి. ఊపిరాడుతోంది గానీ మనిషి పసిబిడ్డంత తేలికయ్యాడు. తానొక్కతే ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

ఏసోబు అన్న కరుణాకర్ వచ్చి చూశాడు. ఇంకొన్నాళ్లాగి, అప్పటికీ లేవకపోతే సమాధి సంగతి ఆలోచిద్దామని ఏడుస్తూనే అన్నాడు.

చిలకలూరిపేట కాలేజీలో జువాలజీ చెప్పే రహిమున్నీసా ఏటా తొలకరికి కప్పల్ని చూడటానికి ఆ చేలకే వస్తుంది. రెబ్కా ఆమెని ఇంటికి తీసుకొచ్చింది. దారాలు చూడగానే ఆమె, పోయిన చలికాలం ఇతనెక్కడున్నాడని అడిగింది. మిరప లోడు లారీతో సిమ్లా వైపు వెళ్లాడనీ, మంచు పడి దారి మూసేస్తే ఆ లారీలోనే చాలా రోజులు ఉండిపోయాడనీ రెబ్కా చెప్పింది.

"ఆ చలికి ఇతని నిద్రే మారిపోయిందేమో. కప్పదీ నిద్రే, చలిదేశపు రెక్కల పురుగుదీ నిద్రే రెబ్కా. కప్పకి నీళ్లు తగిలితే చాలు. గూట్లో ఉన్న పురుగు మాత్రం ముందు చలి పడితేనే లేస్తుంది. లేకపోతే లోపల్లోపలే ఎండిపోతుంది."

"చలిలో పెడితే లేస్తాడా మేడమ్?"

"పురుగు నిద్రైతే లేస్తాడు. కప్ప నిద్రైతే ఆ చలికే పోతాడు."

ఈయనది ఏ నిద్రో చెప్పమని రెబ్కా బతిమాలింది. రహిమున్నీసా ఆ దారాల మీద చాలాసేపు చెయ్యుంచి, తెలియట్లేదంది.

పొద్దున్నే రెబ్కా భర్తని చంకనేసుకుని కోల్డ్ స్టోరేజీకి నడిచింది. సూపర్‌వైజరు పీరు ఏమీ అడక్కుండా తలుపు తీశాడు. మిరప కుక్కిన గోనె టిక్కీల మధ్య చోటు చేసి పడుకోబెట్టింది. రోజూ పని మధ్యలో వెళ్లి ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టేది. ఒకరోజు ఊపిరి తగల్లేదు. ఎంతసేపున్నా తగల్లేదు. నేనే చంపుకున్నాను అనుకుంది. బయటికి మోసుకుపోదామని భుజాల కింద చేతులు పెట్టి, మళ్లీ తీసేసింది. సగం చలి పడితే రెండు విధాలా చస్తాడేమోనని ఆమె భయం. ఇంటికెళ్లి కరుణాకర్‌తో బాగానే ఉన్నాడని అబద్ధం చెప్పింది.

వానలు వెనకబట్టాక, ఇక ఎండ చూపించమంది రహిమున్నీసా. కల్లంలో పట్టా పరిచి పడుకోబెట్టారు. ఎండ ఎక్కేకొద్దీ దారాలు ఒక్కొక్కటే తెగాయి. ఏసోబు కళ్లు తెరిచాడు. రెబ్కా అన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని, నీడలోకి జరిగాడు.

"ఇంకో వేసవి నేనీ నేలలో పడుకోలేను రెబ్కా," అన్నాడు. "లోపల ఉడికిపోయాను. అరుద్దామంటే నోరు లేదు."

మళ్లీ ఎండలు ముదరకముందే వాళ్లు ఊరు విడిచారు. ఊరు దాటి వాడరేవు సముద్రం తప్ప ఏదీ చూడని రెబ్కా, సిమ్లా కొండలవైపు పోయే రైల్లో భర్త పక్కన కూర్చుంది. రెండో రోజు కిటికీలోంచి చలిగాలి తగలగానే ఏసోబు మొహం విప్పారింది. రెబ్కాకి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. కిటికీ మూయమని మాత్రం ఆమె అనలేదు.