పన్నెండు పళ్ళేలు

ఆ లెబనీస్ హోటల్‌కి వెళ్దామన్నది నేనే. మా వీధి మలుపులోనే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ కాలు పెట్టే చోటుండదు. పిల్లల అరుపులు, పళ్ళేల చప్పుడు, పొయ్యిలో పొంగే రొట్టెల వాసన. వడ్డన మాత్రం మహా నిదానం. ముందు పన్నెండు చిన్న పళ్ళేలు వస్తాయి. శనగల ముద్ద అయితే గాని కాల్చిన వంకాయ గుజ్జు రాదు, అదైతే గాని పెరుగు రాదు. ఆ తర్వాతే మాంసం. తక్కువలో తక్కువ రెండు గంటలు.

చెల్లెలి రైలు మూడింటికి, స్టేషన్ పది నిమిషాల దారి. మేం కూర్చునేసరికి ఒంటిగంట.

అదీ నా లెక్క. సిగ్గు విడిచి చెబుతున్నాను.

దాని మొగుడు పోయాక పదకొండేళ్ళు నా దగ్గరే ఉంది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిని చూసుకునే పెద్దగా రమ్మని పిలిచారు. ఉండడానికి గది కూడా ఇస్తారట. అమ్మ, తమ్ముడు, మా ఆయన, అందరూ నా గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళే. వెళ్ళి తిరిగి వచ్చింది ఇదొక్కతే. అందుకే మళ్ళీ పంపడానికి ప్రాణం ఒప్పుకోలేదు.

"పెట్టె ఆ మూల పెట్టొద్దామా?" అంది చెల్లెలు.

"ఎవరైనా ఎత్తుకుపోతే? నా కాలి దగ్గరుండనీ."

"అందులో ఉన్నవి పాత చీరలే అక్కా. దొంగ ఏడ్చి వెనక్కి తెచ్చిస్తాడు."

అయినా నేను వినలేదు. పెట్టెని మోకాలికి ఆనించుకుని కూర్చున్నాను.

హోటల్ యజమాని, మేం మీసాలాయన అనుకునే మనిషి, నవ్వుతూ వచ్చాడు. పన్నెండు పళ్ళేలూ కావాలన్నాను. ఆయన చూపు నా మోకాలి మీదికి, పెట్టె మీదికి దిగింది. తల పంకించి వెళ్ళిపోయాడు.

పది నిమిషాలైనా కాలేదు. ముగ్గురు మనుషులు వరసగా వచ్చారు. పన్నెండు పళ్ళేలూ, మాంసమూ, రొట్టెల బుట్టా ఒక్కసారే బల్ల మీద దించేశారు. మంచినీళ్ళ గ్లాసుకి చోటు లేకపోయింది.

"ఇదేమిటండీ, ఒక్కొక్కటే కదా తెస్తారు?" అన్నాను.

"పెట్టెతో వచ్చినవాళ్ళని మేం ఎక్కువసేపు కూర్చోబెట్టం పెద్దమ్మగారూ," అన్నాడు మీసాలాయన. "మా అమ్మ పెట్టిన పద్ధతి. ప్రయాణం మనిషి ఆకలితో వెళ్ళకూడదు, ఆలస్యంగానూ వెళ్ళకూడదు. తినండి, తినండి."

ఆయన వెళ్ళాక చెల్లెలు పళ్ళేల కేసి చూసింది, నా కేసి చూసింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"బండి తప్పిద్దామనుకున్నావు కదూ?"

"ఛ, నేనెందుకు..."

"నీ మొహం. పెట్టె దాచే తెలివి కూడా లేదు, నువ్వొక దొంగవి!"

నేనూ నవ్వబోయాను, నవ్వు సగంలో ఆగిపోయింది. ఒళ్ళంతా బరువుగా ఉంది. రాత్రి దానికి పచ్చళ్ళు సర్దుతూ నిద్రపోలేదు.

"వెళ్ళొద్దని నోరు తెరిచి అడగొచ్చుగా," అంది అది కాసేపటికి, రొట్టె తుంచుతూ.

"అడిగితే ఉంటావా?"

పక్క బల్ల దగ్గర ఎవరిదో పుట్టినరోజు, చప్పట్లు కొడుతున్నారు.

"ఉంటాను," అంది. "అదే నా భయం. ఆ గదిలో పదహారు కుట్టుమిషన్లున్నాయి అక్కా. అన్నీ నా చేతికిందే. ఇన్నేళ్ళకి నన్నొకళ్ళు పేరు పెట్టి పిలిచి రమ్మన్నారు. నువ్వడిగితే కాదనలేను. అందుకే వారం నుంచీ నీకు ఎదురుపడకుండా తిరుగుతున్నా."

అడగడానికి ఒక్క మాట చాలు. అది నాలుక చివరే ఉంది. అప్పుడు దాని చేతులు చూశాను. రొట్టె తుంచడం మానేసి, బల్లగుడ్డ అంచు కుట్టు సరిగ్గా ఉందో లేదో వేళ్ళతో తడిమి చూస్తున్నాయి.

"తిను," అన్నాను. "చల్లారిపోతోంది."

రెండున్నర అయింది. చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాం. చెల్లెలు మాత్రం కుర్చీలోంచి మళ్ళీ కదల్లేదు. ఇంకో ఐదు నిమిషాలు అంది. ఆ తర్వాత ఇంకో ఐదు. నేనే లేచి, దాని చంక కింద చెయ్యేసి లేపాను.