ఇంటికి తాళం, గుమ్మంలో నీళ్ళు

అంగన్‌వాడీ టీచరు పోస్టుకి ఆ సాయంత్రం అయిదింటితో గడువు ఆఖరు. కాగితాలన్నీ సంచిలో సర్దుకున్నాను. ఒక్కటే తక్కువ. ఈ ఊళ్ళోనే కాపురముంటున్నట్టు వీఆర్వోగారి సంతకంతో పత్రం కావాలి. పోస్టు ఈ ఊళ్ళో ఉండే కోడళ్ళకే. డిగ్రీ చదివి పదేళ్ళుగా గరిటె తిప్పుతున్నదాన్ని, ఇంత దగ్గరకొచ్చిన ఉద్యోగం నాకింకోటి రాదు.

మేం పలివెల నుంచి రాజోలు దగ్గర ఈ ఊరికి మారి మూడు నెలలైంది. మూఢం రాకముందే ఇక్కడ పాలు పొంగించేశాం గానీ, మూఢంలో సామాను కదపకూడదని మా మామగారు పట్టుబడితే, అది వెళ్ళేదాకా పలివెలలోనే ఉండిపోయాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడి సచివాలయంవాళ్ళు వచ్చి, 'ఇంటికి తాళం, ఎవరూ ఉండటం లేదు' అని కంప్యూటర్లో ఎక్కించేశారు. పలివెలలో మా పేర్లు తీయందే ఇక్కడ ఎక్కవని వీళ్ళంటారు. ఇక్కడివాళ్ళు అడిగితేనే తీస్తామని పలివెలవాళ్ళంటారు. ఆరుసార్లు తిరిగాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో పూజారి కూడా కాదనలేదు, కంప్యూటరే ఒప్పుకోలేదు.

మూడింటికి సచివాలయంలో వీఆర్వో కేశవరావుగారి ముందు కూర్చున్నాను. ఆయన చాలా మర్యాదగా, నేను అబద్ధమాడుతున్నానని అనడం లేదనీ, రికార్డులో లేని మనిషికి సంతకం పెడితే తన ఉద్యోగం పోతుందనీ చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను లేకపోతే, మీ ఎదురుగా కూర్చున్నదెవరండీ?" అన్నాను.

ఆయన మళ్ళీ కంప్యూటర్ వైపు తిరుగుతుండగానే మా పక్కింటి జీవరత్నంగారు లోపలికొచ్చారు. నన్ను చూడనట్టే నటించి, పదిరోజుల కిందట తానిచ్చిన అర్జీ ఏమైందని అడిగారు. కేశవరావుగారు ఫైలు తీశారు. అర్జీ నామీదే! మా పెరటి నీళ్ళు ఆవిడ గుమ్మంలోకి వస్తున్నాయట. నా పేరు, మా డోరు నంబరు, పైన ఆ ఆఫీసు ముద్ర. నామీద ఫిర్యాదు చూసి నేనంత సంతోషపడింది జన్మలో లేదు. ఇంతకంటే రుజువేం కావాలండీ అంటూ కుర్చీలోంచి లేచిపోయాను.

"అర్జీ ఒకటీ చాలదమ్మా, పొరుగువాళ్ళ వాంగ్మూలం కూడా ఉంటే సంతకం పెట్టొచ్చు," అని కేశవరావుగారు ఆవిడవైపు తిరిగారు. "మీరు నోటితో చెప్పాలి. ఈవిడ అక్కడ ఉంటున్నారా?"

నా సంతోషమంతా చప్పున చల్లారిపోయింది. ఆ పోస్టుకి నేను కాక దరఖాస్తు పెట్టింది ఒక్కరే. ఆవిడ కోడలు పద్మశ్రీ. ఆ సంగతి ఆవిడకీ గుర్తొచ్చింది, నా సంచివైపు చూశారు. అప్పుడప్పుడూ వచ్చిపోతుంటారని ఒక్క మాటంటే చాలు, నా పని అక్కడితో అయిపోయేది. గోడ గడియారంలో మూడుంబావు.

ఆవిడ పమిట సర్దుకున్నారు.

"ఆయ్, ఉంటుందండి. తెల్లారకుండానే గుడ్డలుతికి నీళ్ళన్నీ నా గుమ్మంలోకే వదుల్తుంది. మూణ్ణెల్లనించీ చూత్తున్నాను."

కేశవరావుగారు ఆ మాటలు రాసుకుని, ఆవిడచేత సంతకం పెట్టించుకుని, నా పత్రం మీద తానూ పెట్టారు. మా పెరటి కాలవ బాగుచేయించమని నాకు నోటీసు కూడా ఇచ్చారు. ఆ రెండు కాగితాలకీ దండం పెట్టి రోడ్డు మీదకి పరిగెత్తాను. రాజోలు ఆటో దొరికింది. అయిదుకి ఇరవై నిమిషాలుండగా అక్కడి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చేశాను. రసీదు చేతికొచ్చాక చూసుకుంటే చెప్పులు రెండూ రెండు జతలవి. నవ్వాగలేదు.

ఇంటికి రాగానే గోడ దగ్గర నిలబడి జీవరత్నంగారిని పిన్నిగారూ అని పిలిచాను. పద్మశ్రీ సంగతి తెలిసీ ఎందుకలా చెప్పారని అడిగాను.

"కాలవ గొడవ కాలవ గొడవేనమ్మా," అన్నారావిడ. "ఉన్న మనిషిని లేదని ఎలా అంటాను?"

ఆవిడ చోట నేనుంటే లేదనేసి ఉందును. ఆ మాట మాత్రం ఆవిడతో చెప్పలేకపోయాను.