పదో సంచి

ఆదివారం పొద్దున్నే శ్రీసత్య గ్రూపు చీర ఇస్త్రీ చేసుకుంది. లలితా పారాయణం ఆడవాళ్ళంతా కలిసి కొనుక్కున్న ఆకుపచ్చ చీర, ఆవపువ్వు రంగు అంచు. అది కడితే సభ్యురాలు, కట్టకపోతే చూడ్డానికొచ్చిన మనిషి. ఆ రోజు దువ్వాడలో తాయారు వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులో పేదలకు సరుకుల పంపిణీ. "తప్పకుండా రా వదినా, నువ్వు లేకపోతే నాకు చెయ్యి ఆడదు" అని తాయారు వాయిస్ మెసేజ్ పెట్టింది. అదే మెసేజ్ ఇంకో పాతికమంది వదినలకు కూడా వెళ్ళిందని శ్రీసత్యకు తెలుసు. అయినా రెండోసారి విన్నది.

ఒకప్పుడు గాజువాకలో ఇద్దరివీ గోడకు అటూ ఇటూ అద్దె వాటాలు. గోడ మీంచి పంచదార గ్లాసులు, చింతపండు ఉండలు, అత్తగార్ల మీద నేరాలు నడిచేవి. ఒక ఇంట్లో పొయ్యి వెలగకపోతే, పోపు వాసన రాలేదని రెండో ఇల్లు పట్టేసేది. ఇప్పుడు తాయారు 'అన్నపూర్ణ హస్తం' అని ఫోన్లో దానాల వీడియోల పేజీ నడుపుతోంది. రోజూ పొద్దున్నే శ్రీసత్యకు శుభోదయం గులాబీ పంపిస్తుంది. ఫోన్లో గులాబీకి వాసన ఉండదు, పోపుకీ ఉండదు.

ఉండి ఉంటే, కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు పని పోయి మొగుడు త్రినాథరావు ఎండాకాలం నుంచి ఇంట్లోనే ఉన్నాడనీ, బియ్యం డబ్బాలో సోల దింపితే అడుగు తగులుతోందనీ తాయారుకు తెలిసేది. ఇంకెవరికీ తెలియకుండా శ్రీసత్య కాపాడుకొస్తోంది. తాయారు ఒక్కదానికే చెప్పాలని ఆటోలో దారంతా ఒకటే మాట వల్లించుకుంది: 'వదినా, సంచి ఒకటి మిగిలితే నాకియ్యవా.'

సెల్లారులో పెద్ద బ్యానరు: 'పది నిరుపేద కుటుంబాలకు నిత్యావసరాలు'. వరసలో మాత్రం తొమ్మిదిమందే ఉన్నారు.

"గంగాలమ్మ రాదంటమ్మా," అంది వరసలో నించున్న నూకాలు, ఆ అపార్టుమెంటు మెట్లు కడిగేది. "మొన్నటి వీడియో ఆల్ల కొడుకు సెల్లులో సూసేడంట. మాయమ్మని అడుక్కునేదాన్ని సేసేరని ఇంట్లో గెంతులేసేడు."

"పది అని కొట్టించేశానే! చూసేవాళ్ళు లెక్కపెడతారు. కామెంట్లలో ఉతికి ఆరేస్తారు." తాయారు కళ్ళు సెల్లారంతా తిరిగి శ్రీసత్య మీద ఆగాయి. "వదినా, నువ్వు నించో. ఊరికే, నటనే కదా. ఈ చీర వద్దు, మన చీరని గుర్తుపట్టేస్తారు."

వాచ్‌మన్ భార్య ఆరేసుకున్న వెలిసిన చీర తెచ్చి ఇచ్చారు. మోటారు గదిలో అది చుట్టుకుంటుంటే కొంగు ఇంకా తడిగానే ఉంది. శ్రీసత్యకు మాత్రం లోపల పండగలా ఉంది. ఇక అడగక్కర్లేదు. నటన పేరున నిజం బియ్యం. దేవుడికి ఇంత తెలివుందని ఆవిడ అనుకోలేదు.

"ఈవిడికెందుకు సంచి? మాకు తరిగిపోద్ది," అని నూకాలు పక్కకు తిరిగి గొణిగింది.

సంచి చేతిలో పడగానే, బియ్యం బరువుకి శ్రీసత్య కళ్ళు నిండాయి.

"అబ్బ, భలే వస్తోంది ఏడుపు! అలాగే ఉంచు, అలాగే ఉంచు," అని తాయారు పెదాలు కదపకుండా అంది.

ఫోన్లో వీడియో తీయడం ఆగింది. "ఇలా ఇచ్చేయ్ వదినా," అని తాయారు సంచి లాగేసుకుంది. "ఎలమంచిలి ఆశ్రమం వీడియోకి పనికొస్తుంది."

"వదినా, ఆ సంచి..."

"ఏటి?"

"బరువుగానే ఉంది," అంది శ్రీసత్య.

మళ్ళీ ఆకుపచ్చ చీర కట్టుకుని ఇంటికొచ్చేసరికి వీడియో ఆవిడకన్నా ముందే ఊరు తిరిగింది. 'చివర్లో ఆవిడ కళ్ళు చూస్తే కడుపు తరుక్కుపోయింది' అని ఎవరెవరో. పారాయణం గ్రూపులో ఒకావిడ, 'ఈవిడ మన శ్రీసత్యలా లేదూ?' అని అడిగింది. కింద తాయారు జవాబు, రెండు దణ్ణం పెట్టే చేతులతో: 'సాయం తీసుకున్నవారి వివరాలు బయటపెట్టడం మన సంస్కారం కాదు.'

ఆ తరవాత గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. అందరికీ సంస్కారం ఉంది.

సాయంత్రం త్రినాథరావు చెప్పులు విసిరేసి లోపలికొచ్చాడు. "ఏటే, బియ్యం తెచ్చినావంట? టీ కొట్టుకాడ సూపించేరు. నీ పెళ్ళాం ఫేమస్సు బావా అంటన్నారు. నాను తలెత్తలేపోయాను." చెంబుతో నీళ్ళు ముంచుకుని తాగాడు. "సరే, పరువెలాగూ పోనాది. ఆ బియ్యం పొయ్యి మీద పెట్టు. ఆకలేత్తంది."

"తెల్లేదు. అవి వీడియోకే."

త్రినాథరావు డబ్బా మూత తీసి చూశాడు. మూత పెట్టేసి, మళ్ళీ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఫోను మోగింది. తాయారు మెసేజ్: 'వదినా, నీ వీడియో లక్ష దాటింది! ఆవిడెలా ఉందని అందరూ అడుగుతన్నారు. వచ్చే ఆదివారం దుప్పట్లు. ఈసారి పాత చీర ఇంటిదగ్గరే కట్టుకుని వచ్చేయ్.'

శ్రీసత్య ఆకుపచ్చ చీర మడతపెట్టి పెట్టె అడుగున దాచింది. తరవాత, పొద్దున నోటితో అడగలేకపోయినది ఇప్పుడు టైపు చేసింది: 'వస్తాను వదినా. దుప్పటి నాకే ఇచ్చేస్తావా? ఇంట్లో బియ్యం కూడా లేవు. అది నటన కాదు.'

రెండు టిక్కులూ నీలంగా మారాయి.

మర్నాడు పొద్దున్నే తాయారు దగ్గర్నుంచి గులాబీ వచ్చింది.