నీళ్ళకు పెట్టిన షరతు

బోరు వేయిస్తామని వచ్చిన సంస్థ ఒక్కటే షరతు పెట్టింది. ఆడపిల్లలకు సున్తీ మానేస్తామని ఆ ఊరి మాసాయి తెగ పెద్దలంతా కెమెరా ముందు ప్రమాణం చెయ్యాలి.

ఆ మాటను పెద్దలకు వాళ్ళ భాషలో వివరించాల్సింది నసియెకు అనే నర్సు. ఆ ఆచారానికే చెల్లెల్ని పోగొట్టుకుంది. దాన్ని ఆపమని ఏళ్ళ తరబడి తల్లులను బతిమాలుతోంది.

పెద్దాయన టిపనోయ్ నవ్వేశాడు. "దానికేం భాగ్యం? మానేశామని చెప్పెయ్యవే అమ్మాయ్. నీళ్ళిస్తానంటే ఆవుల్ని మేకలనమన్నా అంటాం!"

అందరూ గొల్లున నవ్వారు.

"ఏమంటున్నారు?" అంది సంస్థ తరఫున వచ్చిన మార్గిత్.

సరేనంటున్నారని చెబితే బోరు పడుతుంది. కానీ ఆపైన కోత తలుపులు బిగించుకుని సాగుతుంది. నెత్తురు ఆగకపోయినా, గుట్టు బయటపడుతుందని పిల్లను ఆసుపత్రికి తీసుకురారు.

"నీళ్ళ కోసం అబద్ధమాడతామంటున్నారు," అంది నసియెకు. "వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఆడతాను."

మార్గిత్ మొహం ఎర్రబడింది. "అది ఆగాలని మీకు లేదా?"

"ఉంది కాబట్టే చెబుతున్నా. ఒప్పుకోని ఇంట్లో పిల్లకు మాత్రం దాహం వెయ్యదా? నీళ్ళు ఊరికే ఇవ్వండి. వీళ్ళతో పోట్లాట నాకొదిలెయ్యండి."

"అది నా చేతుల్లో లేదు," అని మార్గిత్ వెళ్ళిపోయింది.

ఊరంతా నసియెకు మీద దుమ్మెత్తిపోసింది. గాడిదల మీద డబ్బాలేసుకుని ఎండిన ఏటికి పోతూ ఆడవాళ్ళు ఆమెను చూసి మొహం తిప్పుకున్నారు. ఒకప్పుడు ఊళ్ళో కోతలు చేసిన అత్త నూల్కిషు మాట్లాడడమే మానేసింది.

ఒకరోజు నసియెకు పక్కన ఏటి ఇసుక తవ్వుతూ తనే అడిగింది. "నోటిదాకా వచ్చిన నీళ్ళు పోగొట్టావు కదే. మీ చెల్లెలికి అసలేం జరిగింది?"

ఇన్నేళ్ళలో అత్త ఆ మాట అడగడం అదే మొదటిసారి. నసియెకు అంతా చెప్పింది. ముసలామె చెలమలోంచి చేతులు పైకి తీసి చూసుకుంది.

"నా చేతుల్లోనూ ఒక పిల్ల పోయిందే. శాపం తగిలిందని చెప్పాను," అంది.

వానలకు ముందు బోరు లారీ వచ్చింది. మార్గిత్ పైవాళ్ళతో నెలల తరబడి వాదించి షరతు తీసేయించిందట. ఈసారి కెమెరా లేదు. ప్రమాణమేదీ లేకుండానే ఊళ్ళో అందరూ నీళ్ళు పట్టుకున్నారు.

ఆ ఏడే నూల్కిషు మనవరాలు సింటియో పెద్దపిల్ల అయ్యే వేడుక చేశారు. ఆమె తన చేతులతో పిల్లకు గుండు గీసి, పాలు చిలకరించి, పూసల హారాలు వేసింది.

"అంతేనా?" అంది పొరుగామె.

"అంతే. ఇక నా ఇంట్లో కోత లేదు. ఎవరూ చెప్పమనలేదు, నేనే చెబుతున్నా."

కొందరు విసవిసా వెళ్ళిపోయారు. పొరుగామె మాత్రం తన కూతురి చెయ్యి పట్టుకుని, పాల గిన్నె దగ్గరకు వచ్చి కూర్చుంది.